గిద్దలూరు ఊలు, నరసాపురం లేసు

ధనుర్మాసం వచ్చేసరికి మా పడమటి ప్రకాశంలో చలి నల్లమల మీదుగా దిగుతుంది. వేసవిలో బండలు పేలే ఎండ కాసే ఊళ్ళివి. గిద్దలూరు, కంభం, మార్కాపురం, దోర్నాల, ఎటు చూసినా రాతినేలే. ఆ రాయి రాత్రి చలిని పొద్దెక్కేదాకా వదలదు. తెల్లవారుజామున పాల చెంబుతో వెళ్ళే పిల్లలకు తలచుట్టూ మఫ్లరు, అరుగు మీద ముసలివాళ్ళకు మెడదాకా దుప్పటి. ఆ రెండు నెలల కోసమే మా ఇళ్ళలో ఊలు సంచి అటక దిగుతుంది.

మా వైపు గొర్రెలకు కొదవ లేదు. సాయంత్రం ఏ డొంకలో నిలబడినా మందలు ఎదురొస్తాయి. కానీ వాటి ఒంటి మీద ఉన్ని ఉండదు. మావి నెల్లూరు జాతి గొర్రెలు. తెల్లగా ఉంటే పల్ల, మొహాన నల్ల మచ్చలుంటే జోడిపి, ఎర్రమట్టి రంగుదైతే దొర. మూడింటికీ ఉండేది మేకకున్నట్టు పొట్టి వెంట్రుకే. కంబళ్ళు నేసే నల్ల ఉన్ని దక్కను గొర్రెలది. కాబట్టి మేం అల్లే ఊలు లూధియానా నుంచి రావాల్సిందే. మాకు అల్లిక తాతముత్తాతల నుంచి వచ్చింది కాదు. మా వదిన దాన్ని గిద్దలూరు రైల్వే క్వార్టర్లలో పక్కింట్లో ఉన్న ఒక హిందీ ఆవిడ దగ్గర నేర్చుకుంది. నేను వదిన దగ్గర నేర్చుకున్నాను. ఏటా కార్తీకంలో ఇద్దరం ఒక పెద్ద పని ఎత్తుకుంటాం, సంక్రాంతికి ముగిస్తాం. ఈసారి వదినది మనవడికి జడపాయల డిజైన్ నిండుచేతుల స్వెట్టరు. నాది మా పెద్దక్కకు శాలువా.

ఆ పని సగంలో ఉండగానే వదిన నరసాపురం మాట ఎత్తింది.

"అమ్మాయ్, ఎంతకాలం ఈ రెండు సూదులే? ఒక్క సూదితో లోకమంతటికీ లేసు అల్లి పంపేవాళ్ళు మన రైలు ఆగే చివరి ఊళ్ళోనే ఉన్నారంట. పోయి చూద్దాం. సముద్రమూ చూసినట్టుంటుంది."

ప్రకాశం జిల్లాకు సముద్రం ఉన్నా అది మాకు దూరపు చుట్టమే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా కట్టినప్పుడు మార్కాపురం, గిద్దలూరు వైపు ఊళ్ళు కర్నూలు జిల్లా నుంచి వచ్చి కలిశాయి. అప్పటిదాకా సముద్రమన్నది మా పెద్దవాళ్ళకు కథల్లోదే. ఒడ్డు వెంట నడవాలంటే మాకు కంభం చెరువు కట్ట ఉంది. విజయనగర రాజుల కాలంలో రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా వేసిన కట్ట అది. వారసత్వ సాగునీటి కట్టడమని 2020లో అంతర్జాతీయ గుర్తింపు కూడా వచ్చింది. వాన కురిసిన ఏడు దాని మీద నిలబడితే అవతలి ఒడ్డు పొగమంచులో మాయమవుతుంది. వాన లేని ఏడు నెర్రెలిచ్చిన అడుగు కనిపిస్తుంది. నీళ్ళంటే ఒక ఏడు ఉండి ఒక ఏడు లేకుండా పోయేవని నమ్మే మనుషులం మేం.

హుబ్బళ్ళి నుంచి నరసాపురం వెళ్ళే అమరావతి ఎక్స్‌ప్రెస్ మా ఊరికి నడిరాత్రి వస్తుంది. వదిన గిద్దలూరులోనే ఎక్కి నాకూ దుప్పటి పరిచి ఉంచింది. మార్కాపురం రోడ్డు స్టేషన్లో ఎక్కినదాన్ని విజయవాడ దాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. కళ్ళు తెరిచేసరికి గుడివాడ దాటుతున్నాం. వదిన అప్పటికే కిటికీ పక్కన కూర్చుని స్వెట్టరు మెడపట్టీ అల్లుతోంది. అల్లుతూనే ఉన్నట్టుండి చేతులాపేసింది.

బయట కాలువ. కాలువ తరవాత చేపల చెరువు, చెరువు తరవాత ఇంకో కాలువ, దాని గట్టున కొబ్బరిచెట్లు, ఆ వెనక దాళ్వా నాట్లకు దున్ని నీళ్ళు పెట్టిన మడులు. పుష్యమాసంలో ఇన్ని నీళ్ళు. ఫ్లోరైడు నీళ్ళతో పళ్ళు గారపట్టి, మోకాళ్ళు వంగిపోయిన జనాన్ని పుట్టినప్పటి నుంచి చూసినవాళ్ళం. ఆ కాలువల్ని చూస్తుంటే ఇద్దరికీ మాట రాలేదు. వెలిగొండ సొరంగాల గుండా శ్రీశైలం నీళ్ళు మా పొలాలదాకా పారిన రోజు మా కిటికీల్లోంచి కూడా ఇలాగే కనిపించాలని కోరుకున్నాను. ఆ కోరిక మా వైపు ప్రతి ఇంట్లోనూ ఉంది.

నరసాపురం వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉంది. రైలుపట్టాలు అక్కడితో ఆఖరు. మా పక్క స్కూల్లో పనిచేసే టీచరుగారి మేనత్త ఊరు దానికి దగ్గర్లోనే. మేం ఆమె ఇంట్లోనే దిగాం. వాళ్ళ వీధిలో అడుగుపెట్టిన గంటలోనే మాకు కావలసింది కంటపడింది. ప్రతి అరుగు మీదా, కొన్ని గుమ్మాల్లో మెట్టు మీదా ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఒళ్ళో తెల్లదారపు ఉండ, వేళ్ళ మధ్య అగ్గిపుల్లకంటే సన్నని ఉక్కు సూది, దాని కొసన చిన్న కొక్కెం. ఎవరూ చేతివైపు చూడటం లేదు. కూరలబండి అతనితో బేరమాడుతున్నారు, పిల్లల్ని కేకలేస్తున్నారు, ఎదురింటివాళ్ళ పెళ్ళి మాటలు చెప్పుకుంటున్నారు. చేతులు మాత్రం ఆగడం లేదు.

డెబ్భై దాటిన ఒక పెద్దావిడ మమ్మల్ని పిలిచి పీటలు వేసింది.

"ఏ ఊరండీ మీది?"

"ప్రకాశం జిల్లా మార్కాపురమండి."

"పలకల మార్కాపురమా అండీ! మా పిల్లలంతా అక్షరాలు దిద్దింది మీ ఊరి పలకల మీదేనండి."

అంత దూరాన మా ఊరి పేరు పలక మీద చేరి ఉండటం నాకు గర్వమనిపించింది. దేశమంతా బళ్ళకు వెళ్ళిన ఆ పలకల్ని కోసి, అంచులు అరగదీసి, చట్రాల్లో బిగించిన కూలీల్లో ఆడవాళ్ళు ఎంతోమంది. రాతిపొడి పీల్చి దగ్గుతూ బతికిన వాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చి ఆ ఫ్యాక్టరీలు ఒకటొకటిగా మూతబడ్డాక ఆ చేతులకు పనిపోయింది. ఆ సంగతి వదిన పెద్దావిడకు చెప్పింది. ఆవిడ తలూపి, "చేతిపని అంటే అంతేనండి, అడిగేవాడు ఉన్నన్నాళ్ళే" అంది.

మా కోసం ఒక పువ్వు అల్లి చూపించింది. దారాన్ని ఎడమ చిటికెన వేలికి ఒక చుట్టు చుట్టి, చూపుడువేలి మీదుగా లాగి బిగువుగా పట్టుకుంది. కొక్కెంతో మొదటి మెలిక తీసి, అందులోంచి ఇంకో మెలిక, అందులోంచి ఇంకోటి. గొలుసు. కొన్ని గొలుసులు అయ్యాక కొసను మొదటి దాంట్లోకి గుచ్చి లాగితే కందిగింజంత వలయమైంది. ఆ వలయంలోకి సూది దించి దారం చుట్టుకుని పైకి తీస్తూ చుట్టూ కాడలు నిలబెట్టింది. కాడకూ కాడకూ నడుమ మూడేసి గొలుసులు. రెండో చుట్టులో ఆ గొలుసుల కింద నుంచి రేకులు లేచాయి. మేం కాఫీ తాగడం పూర్తయ్యేలోపు అరచేతిలో రూపాయి బిళ్ళంత తెల్లటి పువ్వు పెట్టింది. ఆవిడ ఎడమ చూపుడువేలు దగ్గరగా చూశాను. దారం ఏళ్ళ తరబడి ఒరుసుకుపోయి గోటికి కింద అడ్డంగా గాడి పడింది. అక్కడ చర్మం నున్నగా మెరుస్తోంది.

వదిన తన స్వెట్టరు తీసి ఆవిడ ఒళ్ళో పెట్టింది. ఇద్దరూ ఒకరి పని ఒకరు తిప్పి తిప్పి చూసుకున్నారు. అప్పుడు పెద్దావిడ అడిగిన ప్రశ్న ఈ ప్రయాణమంతటిలో నాకు ముఖ్యమైంది.

"ఇది మధ్యలో పడేసి లేస్తే ఏమవుద్దండీ?"

వదిన చూపించింది. స్వెట్టరు అల్లేటప్పుడు నూటికి పైగా కుట్లు ఒకేసారి సూది మీద ప్రాణంతో ఉంటాయి. సూది జారితే అన్నీ జారతాయి. ఒక్క కుట్టు వదిలితే నిచ్చెన దిగినట్టు కిందిదాకా విడిపోతుంది. అందుకే వరస పూర్తిచేయకుండా లేవం. లేసులో అలా కాదు. ఎంత పెద్ద పని అయినా, బల్లంతా కప్పే గుడ్డ అయినా, ఏ క్షణంలో చూసినా విడిగా ఉండేది ఒకే ఒక్క మెలిక. పాలు పొంగితే సూది తీసి, ఆ మెలికను కాస్త పెద్దది చేసి వదిలేసి పరిగెత్తొచ్చు. తిరిగొచ్చి లాగితే మళ్ళీ అక్కడే మొదలు.

ఆ తేడా తెలిశాక నాకు లేసు పని ఈ వీధుల్లోనే ఎందుకు వేళ్ళూనుకుందో అర్థమైంది. పొయ్యి, పసిపిల్ల, పశువు, ముసలి మామగారు, ఇన్నింటి మధ్య ముక్కలు ముక్కలుగా దొరికే పొద్దులో ఇమిడే పని ఇదొక్కటే. ఆ సుగుణమే వాళ్ళ కూలికి శత్రువైంది. అరుగు మీద కూర్చుని, కబుర్లాడుతూ, మధ్యమధ్య లేచి వెళ్ళేదాన్ని ఎవరు పని అని లెక్కకడతారు? "పొద్దుపోక చేసేదేగా" అంటే అయిపోయింది.

ఈ అల్లిక ఇక్కడికి 1844లో వచ్చిందని చెబుతారు. మెక్రే అనే స్కాట్లండు మిషనరీ దంపతులు క్రైస్తవంలోకి వచ్చిన పేద కుటుంబాల ఆడవాళ్ళకు నేర్పారు. ఆ తర్వాత మూడేళ్ళకు కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టాడు. అంటే ఈ డెల్టాకు నీళ్ళకంటే ముందు దారం వచ్చిందన్నమాట. అదే దశాబ్దంలో ఐర్లండులో బంగాళాదుంప పంట తెగులుతో పోయి లక్షలమంది ఆకలితో చచ్చిపోతుంటే, అక్కడి క్రైస్తవ సన్యాసినులు ఆడపిల్లలకు ఇదే క్రోషే పని నేర్పి కుటుంబాల్ని నిలబెట్టారు. ఒకే సూది అక్కడా ఇక్కడా తిండి పెట్టింది. నరసాపురంలో ఆ పని 1900 నాటి కరువునూ, 1930ల ప్రపంచ మాంద్యాన్నీ దాటుకుని నిలిచింది.

ఇంకో సంగతి కూడా పెద్దావిడకు చెప్పాను. మేజోళ్ళు అల్లే యంత్రాన్ని ఇంగ్లండులో విలియం లీ 1589లోనే కనిపెట్టాడు. మా ఊలు పని ఈరోజు మిషన్ చేసి పడేస్తుంది. క్రోషేను మాత్రం బజారు సరుకుగా చేసే యంత్రం ఇప్పటికీ రాలేదు. చైనా నుంచి వచ్చే చవక లేసు దూరం నుంచి ఇలాగే కనిపిస్తుంది, కానీ అది వేరే రకం కుట్టు. నిజమైన క్రోషే ఏ బజారులో కనిపించినా దాని వెనక ఒక మనిషి చెయ్యి ఉండి తీరుతుంది. ఆవిడ కాసేపు ఆలోచించి, "మరైతే మాకెందుకండీ ఇంత తక్కువిస్తారు?" అంది.

రోజంతా కూర్చుంటే వచ్చేది నాట్లకు పోయినవాళ్ళ కూలిలో సగమైనా కాదని ఆవిడ కోడలు చెప్పింది. దారం ఏజెంటు తెచ్చిస్తాడు, అల్లింది తీసుకుపోతాడు. వీళ్ళలోనూ ఎవరి పని వాళ్ళదే. పువ్వులు అల్లేవాళ్ళది చేతిపని, పువ్వుల్ని కలిపేవాళ్ళది అతుకుపని. పూర్తయిన బల్లగుడ్డను చూడకుండానే జీవితమంతా పువ్వులు అల్లినవాళ్ళు ఉన్నారు. జర్మనీ నుంచి వచ్చిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో ఈ ఊళ్ళలో తిరిగి, 1982లో ఒక పుస్తకమే రాసింది. అల్లేవాళ్ళంతా ఆడవాళ్ళు, అమ్మేవాళ్ళంతా మగవాళ్ళు. ప్రపంచ మార్కెట్టుకు సరుకు చేస్తున్నవాళ్ళను ఇల్లాళ్ళని, వాళ్ళ శ్రమను తీరిక కాలక్షేపమని పిలవబట్టే ఇంత చవగ్గా దొరుకుతోందని ఆమె తేల్చి చెప్పింది. నలభై ఏళ్ళు దాటిన ఆ మాట ఆ అరుగు మీద కూర్చుంటే ఇంకా పాతబడలేదు.

మరునాడు పొద్దున్నే పేరుపాలెం వెళ్ళాం. మొగల్తూరు దాటాక కొబ్బరితోటలు, సరుగుడు తోపులు, ఆ తర్వాత ఒక్కసారిగా ఇసుక, నీళ్ళు. వదిన చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని ఏమీ మాట్లాడకుండా నడవడం మొదలుపెట్టింది. చలి ఉంది, కానీ మా చలి కాదు. మాది పొడిగా కోసే చలి. ఇక్కడిది తడిగా ఒంటికి అంటుకుంటుంది. శాలువాకు ఊలు కాక నూలు వాడితేనే ఇక్కడ బాగుంటుందని నడుస్తూనే లెక్కలు వేసుకున్నాను.

కొంత దూరం పోయాక పడవ నీడన నలుగురు మగవాళ్ళు వల బాగుచేస్తూ కనిపించారు. మేం ఆగిపోయాం. సన్నని బద్దకు నైలాను దారం చుట్టుకుని, చిరిగిన కన్ను అంచులు కత్తిరించి, కొత్త ముడులు వేస్తున్నారు. కన్నుకూ కన్నుకూ తేడా రాకుండా ప్రతి ముడికీ ఒక చెక్కముక్క అడ్డంపెట్టి కొలుస్తున్నారు. ఒకాయన కాలి బొటనవేలికి వల తగిలించి బిగువు పట్టాడు. వాళ్ళూ చేతివైపు చూడటం లేదు, సముద్రంవైపు చూస్తున్నారు. వదిన ముందుకు వంగి ఆ ముడి ఎలా పడుతోందో అడిగింది. ఆయన నిదానంగా వేసి చూపించాడు. రెండుసార్లు చూసి వదిన తనే వేసింది.

"మీకు వలపని వచ్చాండీ?" అన్నాడాయన ఆశ్చర్యంగా.

"ఊలు పని వచ్చు నాయనా. దారం దారమేగా."

ఆ వలపనికి కూలి ఎంతని అడిగాను. రోజు లెక్కన ఇస్తారట. అన్నం, టీ ఖర్చు పడవ యజమానిదే. ఇక్కడ కూర్చుని కబుర్లాడుతూ దారం ముడివేస్తే అది పని. ఊళ్ళో అరుగు మీద అదే చేస్తే కాలక్షేపం. రెండింటికీ నడుమ దూరం కొద్ది కిలోమీటర్లే. వలపనివాళ్ళ కూలి ఎక్కువని నేననడం లేదు. వాళ్ళ పొద్దును ఎవరో పొద్దుగా లెక్కకట్టారు, అంతే.

సాయంత్రం మాధవాయపాలెం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి దిగి అంతర్వేది వెళ్ళాం. ఒకప్పుడు ఈ రేవు పక్కనే ఇంగ్లీషు కంపెనీ బట్టల గిడ్డంగి ఉండేది. ఇక్కడి నేతబట్ట ఓడలెక్కి ఊరి పేరుతోనే దేశాలు తిరిగింది. లక్ష్మీనరసింహస్వామి దర్శనం తొందరగానే అయింది. గోదారి సముద్రంలో కలిసే చోటికి నడిచి, నీళ్ళ రంగు మారే గీతను చూసి, చీకటిపడేలోపు వెనక్కి తిరిగాం.

వచ్చేముందు సీతారామపురంలోని అలంకృతి లేసు పార్కు కూడా చూశాం. ఆడవాళ్ళ సంఘాలు సొంతంగా పని తెచ్చుకుని, నేర్చుకుని, అమ్ముకునే వీలుండాలని కట్టిన చోటు అది. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇకమీదట యంత్రపు సరుకును ఆ పేరుతో అమ్మకూడదు. మంచిదే. ఆ పేరు తెచ్చే లాభంలో వాటా అల్లినచేతికి చేరాలంటే మాత్రం పువ్వు అల్లేవాళ్ళకు అతుకుపని తెలియాలి, పూర్తయిన గుడ్డ ఏ దేశంలో ఎంతకు పోతోందో తెలియాలి, ధర చెప్పే నోరు వాళ్ళది కావాలి. నేను అక్కడ ఒక బల్లగుడ్డ కొన్నాను. బేరం ఆడలేదు.

బయల్దేరే రోజు వదిన పెద్దావిడ కోడలితో మాట్లాడింది. గిద్దలూరులో ఊలు పని నేర్చుకున్న ఆడపిల్లలు చాలామంది ఉన్నారనీ, చలికాలం పోతే వాళ్ళకు చేతిలో పని ఉండదనీ, వచ్చి లేసు నేర్పమనీ అడిగింది. పువ్వూ అతుకూ రెండూ నేర్పాలి. రానూపోనూ చార్జీలు మావి, బస మా ఇంట్లోనే.

"రోజుకెంతిస్తారండీ?" అంది ఆమె.

"నువ్వే చెప్పమ్మా."

ఆమె అత్తగారివైపు చూసింది. అత్తగారు సూది ఆపి, "నీ చేతి సంగతి నన్నడుగుతావేంటే?" అంది. అప్పటికి ఏమీ తేలలేదు. ఫోను నంబరు రాసుకుని వచ్చేశాం.

సంక్రాంతి వెళ్ళాక ఫోను వచ్చింది. మొదట ఒక అంకె చెప్పింది. తర్వాత తనే ఆగి, "కాదండి, ఇంకో వంద కలపండి" అంది. వదిన సరేనంది. మాఘమాసంలో అంతర్వేది కల్యాణం చూసుకుని బయల్దేరుతుందట. పని నేర్పడానికి గిద్దలూరు స్టేషను ఎదురు వీధిలో మేడ మీద గది మాట్లాడాం. ఉక్కు సూదులు, దారపు ఉండలు తను వచ్చేటప్పుడే తెస్తానంది, వాటి డబ్బులు ముందే పంపాం.